పురుగుకి జ్వరం

బంగారు గనుల సైనైడు దిబ్బల మీద నుంచి గాలి లేచిన రోజు చెన్నప్పకి రెండు పనులు ఎక్కువ పడేవి. బంగళా వసారాలో ఉన్న గాజు పెట్టె మీద పేరుకున్న తెల్లదుమ్ము తుడవడం ఒకటి. తుడుస్తూ ఉండగా దగ్గు వస్తే, లోపలివాళ్ళకి వినపడకుండా తోట చివరికి పోయి దగ్గి రావడం ఇంకొకటి.

ఆ రోజు రెండూ అయ్యాయి. తిరిగి వచ్చి గాజులోంచి లోపలికి చూశాడు. నిన్న సాయంత్రం పెట్టిన కోడిపిల్ల పెట్టినచోటే ఉంది. రాణి దాని వంక తల తిప్పిన జాడ కూడా లేదు. మూలకి ఒదిగి, చుట్టల మధ్య తల దూర్చుకుని పడుకుంది. చెన్నప్ప పై జల్లెడ మూత ఎత్తి, కోడిపిల్లను కాలు పట్టుకుని తీసి, గోడ అవతల గుంటలో పూడ్చి వచ్చాడు. ఆ గుంటలో ఇప్పటికి అలాంటివి ఎన్ని పూడ్చాడో.

వంటింటి గుమ్మంలో నిలబడి వంటమనిషి శ్రీరామప్ప చూస్తున్నాడు.

"ఏమప్పా చెన్నప్పా, మీ రాణెమ్మ ఈపొద్దూ అలిగిందా?"

"ఊఁ."

"అత్తగారింటికి వచ్చిన కొత్తల్లుడైనా మూడోదినానికి తింటాడు. ఇది మూడు నెలలాయె. కోడిపిల్లను నేను మసాలా ఏసి చేసిస్తును గదా, అడిగి చూడు."

చెన్నప్ప నవ్వలేదు. నవ్వితే దగ్గు వస్తుంది.

రాణి ఏడడుగుల కొండచిలువ. కామసముద్రం అడవికి కట్టెలకి పోయినవాళ్ళు చేతికర్ర అంత ఉన్నప్పుడు గోనెసంచిలో వేసుకొచ్చి ఇస్తే, దొర ముచ్చటపడి పెంచుకున్నాడు. దొర అంటే తెల్లదొర కాదు. గనులు సర్కారు చేతికి వచ్చి ఏడేండ్లయింది, తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళ బంగళాల్లోకి మైసూరు నుంచీ బెంగుళూరు నుంచీ మనవాళ్ళే వచ్చారు. అయినా బంగళాలో ఉండేవాణ్ణి దొర అనకుండా ఇంకేమనాలో గని కూలీలుండే లైన్లలో ఎవరికీ తోచలేదు.

చెన్నప్ప పదిహేడేండ్లు గని కింద మిషన్ పట్టినవాడు. రాయి తొలిచే మిషన్. రాయికి పడిన బొక్కలన్నీ లెక్కలోకి పోయాయి, వాటి దుమ్ము మాత్రం అతని ఛాతీలో నిలిచింది. నాలుగు మెట్లు ఎక్కితే ఊపిరి అందదు. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, "లైట్ డ్యూటీ" అని చీటీ రాశాడు. లైట్ డ్యూటీ అంటే కిందికి దిగనక్కరలేని పని. అలాంటి పనులు కొన్నే. చీటీలు పట్టుకుని నిలబడేవాళ్ళు చాలామంది. పామును చూసుకోవడానికి ఒక మనిషి కావాలని దొర కబురు పెట్టినప్పుడు, పనులు పంచే టైం ఆఫీసు ముందు వరుసలో ఉన్న పదకొండు మందిలో పదిమంది ఒక అడుగు వెనక్కి వేశారు. చెన్నప్పకి వెనక్కి వేసే ఓపిక లేకపోయింది. అలా దొరికింది ఈ పని.

రెండేండ్లు బాగానే గడిచింది. రాణి తినేది, పండుకునేది. మొన్న కార్తీకం నుంచి తిండి మానేసింది.

పోయిన వారం దొర వసారాలోకి వచ్చి పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాడు. మంచివాడే. గొంతు పెంచే మనిషి కాదు.

"చూడు చెన్నప్ప. ఉగాదికి మావాళ్ళంతా వస్తారు. అంతలోపల ఇది తింటే సరే. లేకపోతే ప్రాణం ఉండగానే మైసూరు జూకి పంపించేస్తాను. నా ఇంట్లో చావడం నేను చూడలేను."

"సరే సార్."

"నిన్ను టైం ఆఫీసుకి వాపస్ రాయాల్సి వస్తుంది మరి. వాళ్ళు ఏ పని చూపిస్తే అది."

టైం ఆఫీసు ఏ పని చూపిస్తుందో చెన్నప్పకి తెలుసు. పక్క లైన్లో చిన్నవెంకటప్ప ఉండేవాడు. తోటపని పోయి మళ్ళీ గనిలోకి దించే కేజ్ ఎక్కాడు. కిందికి దిగిన తొమ్మిదో నెలలో అతన్ని మంచం మీద కూర్చోబెట్టే ఉంచాల్సి వచ్చింది. పండుకుంటే ఊపిరి ఆడదు. కూర్చునే పోయాడు. ఆ మంచం ఇప్పటికీ వాళ్ళ వాకిట్లో నిలబెట్టి ఉంది. పనికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ దాని పక్క నుంచే నడవాలి.

*

ఇంట్లో గంగులమ్మ రాగిముద్ద పెట్టి ఎదురుగా కూర్చుంది.

"పురుగు తిన్నెనా?"

పాము అన్న మాట ఆమె ఇంట్లో ఎత్తదు. ఎత్తితే వస్తుందని వాళ్ళ ఊళ్ళో అంటారు. అందుకని పురుగు అనే అంటుంది.

"లేదు."

"నువ్వైనా తిను. అది తినలేదని నువ్వు మానేస్తే ఇద్దరినీ మైసూరికి పంపిస్తాడు దొర."

చెన్నప్ప ముద్ద తుంచి మళ్ళీ పళ్ళెంలోనే పెట్టాడు. గంగులమ్మ కాసేపు చూసి అంది, "మా అన్నను పిలిపిస్తాను ఉండు. పుట్టినప్పటి నుంచి పురుగులనే సాకుతుండాడు. ఏ పురుగు ఎందుకు తినదో చూస్తానే చెప్పేస్తాడు."

"అవి రేష్మె పురుగులే."

"పురుగు పురుగే కదా?"

ఆమె అన్న ఓబలప్పది క్యాసంబళ్ళి. మూడు తరాలుగా పట్టుపురుగులు పెంచుతున్న ఇల్లు. పంట మీద ఉన్నాడంటే ఆ మనిషి ఇల్లు కదలడు. అయినా చెల్లెలు పిలిచిందని ఆదివారం బస్సు దిగాడు, చేతిలో రాగిపిండి మూటతో. దొర ఇంట్లో లేని వేళ చూసి చెన్నప్ప అతన్ని వసారాలోకి తీసుకుపోయాడు.

ఓబలప్ప పెట్టెకు రెండు బారల దూరంలో ఆగాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఒంగి చూశాడు, పక్కకి జరిగి చూశాడు.

"కండ్లు చూడు. సున్నపు తేట పోసినట్టు తెల్లగా ఉండాయి. ఒళ్ళు మాసిన గుడ్డ మాదిరి అయింది. మెరుపే లేదు."

"అవును బావా. నాలుగు దినాలుగా అట్లే ఉండాది."

"జ్వరం. ఇంగేం లేదు."

"జ్వరమా?"

"జ్వరమే. దీనికి పోయి నన్ను అంత దూరం నుంచి పిలిపిస్తిరి గదప్పా! మేత ఎయ్యొద్దు. ముట్టొద్దు. తడి అనేదే తగలనీయొద్దు. దాని పాటికి అది లేస్తాది, లేచినాక మేత కొడతాది చూడు, నువ్వు తెచ్చి పెట్టలేవు."

"ఎన్నాళ్ళకి లేస్తాది?"

"మావాటికైతే ఒక దినం. ఇది పెద్ద ఒళ్ళు. వారం పెట్టుకో."

మావి అంటే ఆవులేమో అనుకున్నాడు చెన్నప్ప. ఓబలప్ప సాయంత్రం బస్సుకి కూడా ఆగలేదు. ఇంటి దగ్గర ఆకు కోయాలని మధ్యాహ్నమే పోయాడు.

జ్వరమంటే చెన్నప్పకి తెలియనిది కాదు. చాంపియన్ రీఫ్ లైన్లలో పుట్టి పెరిగినవాడు. గని కింద ఉడుకులో చెమటోడ్చి, తడి బట్టలతో పైకి వచ్చి చలిగాలి తగిలించుకుంటే వచ్చేది జ్వరం. దానికి మందూ తెలుసు. వెచ్చగా ఉంచాలి, కిటికీ మూయాలి, నీళ్ళు తగలనీయకూడదు, లంకణం పెట్టాలి.

జల్లెడ మూత ఎత్తి రాణి వీపు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. జ్వరం వస్తే ఒళ్ళు కాలాలి గదా అని ఒక నిమిషం అనుమానం వచ్చింది. చలిజ్వరం అయి ఉంటుందని సర్దుకున్నాడు.

మొదట నీళ్ళ బేసిన్ తీసేశాడు. అడుగున పరిచిన గోనెపట్టలు ఎండలో పెళపెళలాడేలా ఆరబెట్టి మళ్ళీ పరిచాడు. వెనక చెక్కకి ఉన్న గాలి రంధ్రాల్లో గుడ్డపేలికలు కుక్కాడు. ఒక బల్బు ఉండేచోట ఇంకొకటి తగిలించాడు. పెట్టె లోపల చెయ్యి పెడితే రొట్టెల పొయ్యి ముందు పెట్టినట్టు ఉంది. తృప్తిగా అనిపించింది. చాలా రోజుల తర్వాత ఆ రోజు ముద్ద సగం కంటే ఎక్కువ తిన్నాడు.

ఐదో రోజుకి కండ్లలో తెలుపు కొంచెం విరిగింది. జ్వరం దిగుతోందని శ్రీరామప్పకి చెప్పాడు.

"పాముకి జ్వరమా! థర్మామీటరు యాడ పెట్టినావప్పా?" అన్నాడు శ్రీరామప్ప.

ఏడో రోజు నుంచి తేడాగా కనపడింది. రాణి తోలు ముడతలు పడింది. మెడ దగ్గర ఉల్లిపొర మాదిరి చీలింది గాని, చీలినది వెనక్కి జారలేదు. అక్కడక్కడ పెచ్చులుగా లేచింది, లైన్లలో పాత సున్నం లేచినట్టు. లేవనిచోట ఒంటికి అంటుకుని బిగుసుకుంది. తోక చివర బిగిసిన పొర ఉంగరం మాదిరి నొక్కుతోంది. విరిగిన తెలుపు స్థానంలో కండ్ల మీద ఎండిన రేకుల మాదిరి ఏదో నిలిచిపోయింది. రాణి పగలంతా పెట్టె అంచులకి మూతి రాస్తూ తిరుగుతోంది. పదోరోజు మూతి మీద చిన్న ఎర్రచుక్క కనపడింది.

చెన్నప్ప ఆ ఎర్రచుక్క వంక చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఉగాది ఇంక పద్నాలుగు రోజులు. తను చేసిందాంట్లో తప్పు యాడ జరిగిందో తెలియలేదు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. చెప్పిన దానికంటే ఎక్కువే చేశాడు.

మరుసటి రోజు దొర దగ్గర సెలవు అడిగి క్యాసంబళ్ళి బస్సెక్కాడు.

*

బస్సు దిగి ఓబలప్ప ఇంటికి చేరేసరికి మూడుచోట్ల ఆగాల్సి వచ్చింది. పురుగుల ఇల్లు పెరట్లో ఉంది. మట్టిగోడలు, పైన బోదగడ్డి కప్పు. కిటికీలకీ తలుపుకీ గోనెపట్టలు వేలాడుతున్నాయి. గుమ్మంలో కాళ్ళు కడుక్కోవడానికి తొట్టి, పక్కన సున్నం.

"బావా!" అని పిలిచాడు.

"ఎవరూ, చెన్నప్పా? ఆడే ఉండు, లోపలికి రావద్దు" అని లోపల నుంచి ఓబలప్ప గొంతు. "ఇంట్లో అన్నిటికీ జ్వరం."

చెన్నప్ప తొట్టి దగ్గరే ఆగాడు. "అందరికీనా? అత్తకు గూడానా?"

లోపల ఎవరో ముసలి గొంతుతో కిసుక్కున నవ్వారు. ఓబలప్ప గోనెపట్ట పక్కకి తీసి బయటికి వచ్చాడు, చేతులకి సున్నం.

"అత్తకు ఎందుకు వస్తాది? పురుగులకప్పా. నాలుగో జ్వరం."

"నాలుగుసార్లు వచ్చినాదా? బతుకుతాయా మరి?"

ఓబలప్ప అతని ముఖంలోకి చూశాడు. "కాళ్ళు కడుక్కుని రా" అన్నాడు.

లోపల గడ్డి వాసన, సున్నం వాసన. వెదురు కొయ్యల మీద తట్టలు అంతస్తులు అంతస్తులుగా ఉన్నాయి. తట్టల నిండా వేలుపొడవు తెల్లటి పురుగులు. ఒక్కటీ కదలడం లేదు, తినడం లేదు. అన్నీ తలలు పైకెత్తి, ఎవరో మాట చెబుతుంటే వింటున్నట్టు నిలబడి ఉన్నాయి. చలిజ్వరం వచ్చినవాళ్ళు ఇలా నిలబడరు.

"దీన్ని చూడు, ఇది లేస్తుండాది" అన్నాడు ఓబలప్ప.

ఒక పురుగు నెత్తి దగ్గర పొర చీలింది. అది మెల్లగా ఒళ్ళు ముందుకి లాగింది. లాగిన కొద్దీ పాత తోలు వెనక్కి ముడుచుకుంటూ పోయి, చివరికి తోక దగ్గర చిన్న మురికి ముద్దగా మిగిలింది. పురుగు దానిలోంచి నడిచి వచ్చేసింది. కొత్త ఒళ్ళు ముడతలుగా, తడిగా, లేతగా ఉంది.

రెండేండ్లుగా పెట్టె ఊడ్చేటప్పుడు దొరికిన కుబుసాలు చెన్నప్పకి గుర్తుకు వచ్చాయి; రాత్రిపూట విడిచేది గాబోలు, విడుస్తుండగా ఎప్పుడూ చూడలేదు.

"బావా. జ్వరమంటే ఇదా?"

"ఇదే. పొర విడిచేదాన్నే జ్వరమంటాము. మొదటి జ్వరం, రెండో జ్వరం, అట్లా. ఏం, మీ లైన్లలో ఏమంటారు?"

"మా లైన్లలో జ్వరమంటే జ్వరమే."

జరిగిందంతా చెప్పాడు. రెండు బల్బులు, తీసేసిన బేసిన్, ఆరబెట్టిన పట్టలు, కుక్కిన గుడ్డలు. చెబుతున్న కొద్దీ ఓబలప్ప ముఖం వాడిపోయింది. తల గోక్కున్నాడు.

"తడి తగలనీయొద్దని నేనే చెప్పినాను గదప్పా" అన్నాడు చివరికి. "జ్వరంలో తట్ట తడిస్తే పురుగు కుళ్ళిపోతాది. మాకు అదే అలవాటు. ఆ నోటితోనే అనేసినాను."

గది మధ్యలో వేలాడుతున్న తడి గోనెపట్ట వెనక నుంచి మళ్ళీ ఆ ముసలి గొంతు వినపడింది. చెన్నప్ప అత్త అక్కయమ్మ. అల్లుడి ఎదటికి ఆమె రాదు, అల్లుడితో నేరుగా మాట్లాడదు. పెండ్లయి ఇరవై ఏండ్లయినా అంతే.

"ఒరే ఓబలా, అల్లునికి ఒక మాట చెప్పు. తూరుపు గాలి తిరిగిన ఏడు మన పురుగులు పొర యిడవలేక సగం సచ్చినాయి, గ్యాపకం ఉండాదా నీకు?"

"ఉండాది లేమ్మా."

"ఉంటే ఆ పొద్దు నోరు ఎందుకు తెరవలేదు? గాలి ఎండితే పొర ఒంటికి కరుసుకుంటాది. అప్పుడు నేనేం జేస్తిని? పురుగు మీద నీళ్ళు సల్లితినా?"

"లేదు. పట్టలు తడిపి కిటికీలకి కట్టినావు."

"అది చెప్పు అల్లునికి. తడి గాలికి పెట్టాల, ఒంటికి కాదు. ఈ పట్ట ముట్టుకొని సూడమను."

చెన్నప్ప చెయ్యి చాచి గోనెపట్ట ముట్టుకున్నాడు. తడిగా, చల్లగా ఉంది గాని కింద ఒక్క చుక్క కారడం లేదు. బాగా పిండి కట్టారు. దాని పక్కన నిలబడితే ఊపిరి తీసుకోవడం సులువుగా ఉంది. వచ్చినప్పటి నుంచి తను ఒక్కసారి కూడా దగ్గలేదని అప్పుడు గుర్తుకు వచ్చింది.

"ఇంగొకటి అడుగు" అంది అక్కయమ్మ పట్ట అవతల నుంచి. "ఆ పెద్ద పురుగుకి దాక్కునే చోటు ఉండాదా? జ్వరంలో ఉండేదాన్ని నలుగురు సూస్తా ఉంటే అది ఎట్ల యిడుస్తాది, ఎట్ల తింటాది? మనిసైనా అంతే కదా."

పెట్టెకి మూడు వైపుల చెక్క, ముందంతా గాజు. వచ్చినవాళ్ళల్లా గాజు మీద వేలితో కొట్టి చూసేవాళ్ళు. రాణి తిండి మానేసిన కార్తీకంలోనే దొర ఇంట్లో చుట్టాలు నెల పొడుగునా ఉన్నారు. చెన్నప్ప తల వంచుకున్నాడు.

"లేదత్తా" అన్నాడు నేరుగానే.

"లేదంట ఓబలా" అంది అక్కయమ్మ.

*

తిరిగి వచ్చిన రోజే పని మొదలుపెట్టాడు. ఒక బల్బు తీసేశాడు. రెండోది పెట్టె ఒక చివరికి జరిపాడు. రంధ్రాల్లో గుడ్డలు లాగేశాడు. బేసిన్ నిండా నీళ్ళు పోసి మళ్ళీ పెట్టాడు. రాణి తల ముంచి ఎంతసేపు తాగిందంటే, చూడలేక చెన్నప్ప ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

మందుగుండు వచ్చే చెక్కపెట్టెలు లైన్లలో ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, బియ్యం పోసుకోవడానికో కూర్చోవడానికో. ఇంట్లో గంగులమ్మ దేవుని పటాలు పెట్టుకున్న పెట్టెను ఖాళీ చేయించాడు.

"దేవుని పెట్టె పురుక్కి ఇస్తావా?"

"దేవుడు నేల మీద కూడా ఉంటాడు. అది ఉండలేదు."

దానికి పక్కన తల పట్టేంత సందు కోసి, లోపల తడిపి పిండిన పట్టలు మడతలు మడతలుగా పెట్టి, గాజు పెట్టెలో చల్లగా ఉండే చివర దించాడు. పై జల్లెడ మీద సగానికి ఇంకో తడిపట్ట. గాజు మీద పాత దుప్పటి. రోజుకి నాలుగుసార్లు పట్టలు తడిపి పిండడం. పిండినప్పుడల్లా ఛాతీ పట్టేసేది. అరుగు మీద కూర్చుని, ఊపిరి తిరిగి వచ్చాక లేచి రెండోది పిండేవాడు.

శ్రీరామప్ప వచ్చి చూశాడు. "ఏమప్పా, రాణెమ్మకు ఘోషా పెట్టినావా?"

"ఊఁ."

మొదటి రెండు రోజులు రాణి ఆ పెట్టె వంక పోలేదు. మూడోరోజు పొద్దున దుప్పటి అంచు ఎత్తి చూస్తే బయట ఎక్కడా లేదు. సందులోంచి తోక చివర మాత్రం కనపడుతోంది. చెన్నప్ప దుప్పటి దించేశాడు. చూడాలని చెయ్యి పీకేది. ఆరోరోజు వరకు ఎత్తలేదు.

ఆరోరోజు ఎత్తాడు. రాణి బయట పడుకుని ఉంది. వీపు మీది మచ్చలు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. పట్టల మడతల్లో పాత తోలు పేలికలు పేలికలుగా చిక్కుకుని ఉంది, ఒకచోట బెత్తెడు, ఇంకోచోట మూరెడు. తోక చివరి ఉంగరం కూడా ఊడింది. ఎడమ కన్ను నల్లగా, కొత్త గాజుపూస మాదిరి ఉంది. కుడికంటి మీద మాత్రం రేకు అలాగే నిలిచి ఉంది.

గోటితో తీస్తే వస్తుందేమో అనిపించింది. చెయ్యి పెట్టబోయి ఆగాడు. పొర విడవలేని పురుగును చేత్తో లాగితే ఏమవుతుందని బస్సెక్కే ముందు ఓబలప్పని అడిగాడు. లాగినవాడి చేతిలో పొరతోబాటు పురుగూ వస్తుందని అతను చెప్పాడు. కన్ను కన్నే. వచ్చే జ్వరానికి దాని పాటికి అది పోతుంది.

తిండి సంగతి మిగిలింది. ఉగాది ఇంక ఆరు రోజులు. కోడిపిల్లలు వద్దనుకున్నాడు. అడవిలో దీనికి కోళ్ళు ఎవరు తెచ్చి పెట్టారు? లైన్లలో ఎలుకలకి కొదవ లేదు. గంగులమ్మ బోను పెట్టి పందికొక్కు అంత ఎలుకను పట్టింది, దాన్ని సంచి కప్పి చేతికి ఇస్తూ, "ఇది కూడా తినకపోతే నేనే వస్తాను, నన్నేం చేస్తాదో చూస్తాను" అంది.

చంపిన ఎలుకను దిగే ఎండలో వెచ్చబడనిచ్చి, సాయంత్రం వెలుతురు తగ్గే వేళకి చెక్కపెట్టె సందు ముందు పెట్టి దుప్పటి దించాడు. ఆ రోజు తినలేదు. మరుసటి రోజు ఇంకోటి. తినలేదు. చెన్నప్ప వాటిని తీసి గుంటలో పూడ్చాడు. చిన్నవెంకటప్ప వాకిట్లోని మంచం పక్క నుంచి నడిచి ఇంటికి పోయాడు. గంగులమ్మ మళ్ళీ బోను పెట్టింది.

మూడోరోజు దుప్పటి దించి అరుగు మీద కూర్చుని ఉండగా లోపల దబ్బుమని చెక్కకి ఏదో తగిలిన చప్పుడైంది. లేవలేదు. గనిలో చప్పుడు విని ఏ రాయి ఎటు పడిందో చెప్పగలిగిన చెవులు అవి. తర్వాత పట్టలు ఒరుసుకున్న మెత్తటి చప్పుడు. చాలాసేపు. వంటింటి దీపం వెలిగించుకుని శ్రీరామప్ప వచ్చేసరికి చెన్నప్ప ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఏమైందప్పా?"

"తినింది."

"చూసినావా?"

"లేదు."

శ్రీరామప్ప దుప్పటి కొంచెం ఎత్తి చూసి దించేశాడు. ఈసారి ఎగతాళి చేయలేదు. లోపలికి పోయి గ్లాసుతో కాఫీ తెచ్చి పక్కన పెట్టాడు.

*

ఉగాది పొద్దున దొర చుట్టాలతో వసారాలోకి వచ్చాడు. చెన్నప్ప దుప్పటి తీశాడు. రాణి కడుపు నడుమ ఉబ్బి, మెరుస్తూ, అందరి ముందూ మెల్లగా కదిలి దేవుని పెట్టెలోకి పోయింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. దొర ఆనందం ముఖంలో తెలిసింది.

"శభాష్ చెన్నప్ప. ఇన్నాళ్ళూ ఏమైంది దీనికి?"

"జ్వరం సార్."

"జ్వరమా? పాముకి ఫీవరా?"

చెన్నప్ప నోరు తెరిచాడు. పొర అనీ, పురుగులనీ, క్యాసంబళ్ళి అనీ చెప్పాలి. అంత చెప్పడానికి మధ్యలో రెండుసార్లు దగ్గాల్సి వస్తుంది.

"జ్వరమే సార్. మా బావ పెద్ద పురుగులాయన, ఆయనే చూసి చెప్పినాడు."

"మరి ఆ కన్ను? ఇంకా తెల్లగా ఉంది కదా?"

"దానికి ఇంగా కొంచెం ఉండాది సార్. రెండు మూడు నెలలకి మళ్ళీ జ్వరం వస్తాది. అప్పుడు పోతాది."

"మళ్ళీ వస్తుందా?"

"బతికినన్ని దినాలు వస్తానే ఉంటాది సార్. వచ్చినప్పుడు తడి చూసుకోవాల, బల్బు చూసుకోవాల. తెలియనోళ్ళ చేతిలో పడితే చస్తాది."

తెలియనివాడి చేతిలో పడితే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. దొర చుట్టాల వంక తిరిగి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. అందరూ జాలిగా పెట్టె వంక చూశారు. లోపలికి పోయి కాగితం మీద నాలుగు వరుసలు రాసి తెచ్చి ఇచ్చాడు.

"టైం ఆఫీసులో ఇవ్వు."

పండుగ మరుసటి రోజు టైం ఆఫీసు గుమాస్తా మునిశామప్ప ఆ కాగితం చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఏందప్పా ఇది? పాముకి మాటిమాటికి జ్వరం వస్తాదంట. కాబట్టి నిన్ను ఆడ నుంచి కదిలించకూడదంట. నిజమేనా?"

"నిజమే."

"ఒట్టు?"

క్యాసంబళ్ళిలో ఎవరిని అడిగినా అది నిజమే అంటారు. చెన్నప్ప తల ఊపాడు. గుమాస్తా నవ్వుతూనే ముద్ర కొట్టి కాగితం ఫైల్లో పెట్టాడు. చెన్నప్ప వెనక వరుసలో చీటీలు పట్టుకున్నవాళ్ళు ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. వాళ్ళ ముఖాల్లోకి చూడకుండా బయటికి వచ్చాడు.

గంగులమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది.

"ఏమన్నారు?"

"ఉండమన్నారు."

చేట కింద పెట్టింది. "ఎన్నాళ్ళకి రాసిచ్చినారు?"

"జ్వరం తగ్గేదాకంట."

ఆమెకి నవ్వు ఆగలేదు. చెన్నప్పకీ నవ్వు వచ్చింది, దాని వెంటే దగ్గు. గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి చాలాసేపు పట్టింది. నవ్వు ఆపి గంగులమ్మ వీపు నిమిరింది. తెమిలాక అతను పైపంచెతో కండ్లు తుడుచుకుని, ఎండ ఎంతవరకు ఎక్కిందో చూశాడు. పొద్దున తడిపిన పట్టలు ఈ పాటికి ఆరిపోయి ఉంటాయి. బంగళా వైపు నడిచాడు, మధ్యలో రెండుచోట్ల ఆగుతూ.